ఇరుసులో గుక్కెడు గాలి

కృత్తిక చక్రం, కిరణ వైద్య విభాగం. పని చిట్టా. రాస్తున్నది కొలతల విభాగం దక్షిణామూర్తి.

సోమవారం

పైడమ్మ గారి కాలేయంలోని గడ్డలో కుడి సగం కరిగింది. ఎడమ సగం అలాగే ఉంది.

ఈ ఉదయం స్కాన్ తీసి ఆమె నీడను కొత్తగా కట్టాను. పేషెంటు వచ్చిన ప్రతిసారీ మొదటి పని ఇదే. స్కానర్ చూపిన శరీరాన్ని తెర మీద అవయవం అవయవంగా నిలబెడతాం. నీడ ఊపిరి తీస్తుంది. దాని గుండె కొట్టుకుంటుంది. కిరణం ముందు దాని మీద వేసి చూస్తాం. అక్కడ సరిపడితేనే మనిషి మీద. ఇప్పటిదాకా వేసిన అన్ని విడతల్లోనూ నీడలో గడ్డ మొత్తానికి ఒకే మోతాదు పడింది. మనిషిలో మాత్రం సగానికే పడినట్టుంది.

డాక్టర్ రెహానా చిత్రాలు చూశారు. ఎడమ సగం కిరణానికి లొంగని రకం అయి ఉంటుందన్నారు. ఒకే గడ్డలో రెండు రకాల కణాలు ఉండటం కొత్తేమీ కాదు. అదే నిజమైతే శుక్రవారం సమావేశంలో వైద్యం ఆపేయమంటారు. నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపుతారు. ఇంకొక్క విడతకే వీలుంది. అంతకు మించి ఆమె తట్టుకోలేదు. ఇప్పటికే జీర్ణాశయం పైభాగం వాచింది. మజ్జిగ తాగినా మంటేనట.

ఆ వాపు నాకు నచ్చలేదు. నీడలో జీర్ణాశయానికి దాదాపు ఏమీ పడలేదు మరి.

పైడమ్మ గారు ఇక్కడే, అంతరిక్షంలో తిరిగే ఈ చక్రంలోనే పుట్టారు. ఒకప్పుడు ఇరుసు చెడుగుడు జట్టుకు నాయకురాలు. చక్రం నడిమధ్య ఇరుసులో, ఒంటికి బరువు లేని చోట చెడుగుడు ఆడటం ఈ ఊరివాళ్ల పిచ్చి. ఇప్పుడు అమ్మాయిలకు నేర్పుతున్నారు. ఊరంతా చూసే ఆట వచ్చే నెలలో ఉంది. అప్పటికి కోర్టు పక్కన నిలబడగలనా అని ప్రతిసారీ అడుగుతారు. బతుకుతానా అని ఇంతవరకూ అడగలేదు.

స్కానర్ బల్ల దిగుతూ నా తెర వైపు చూశారు.

"ఏటి మాస్టారూ, నా నీడకి మంట నేదు కావాల. నాకంటే అదే నయింగా ఉన్నట్టుంది."

అవునన్నాను. నవ్వారు. నవ్వితే నొప్పి వచ్చినట్టుంది, మధ్యలో ఆపేశారు.

మంగళవారం

పొద్దున నీళ్ల వాటా వచ్చింది. మా ఆవిడ సుభాషిణి కరివేపాకు కుండీకి నా వాటాలోంచి ఒక గ్లాసు పోశాను. మా వరుసలో గాలి జల్లెడ మార్చే వంతు ఈ వారం నాది. మార్చాను. ఎండను లోపలికి పంపే అద్దాలు ఇంకా పూర్తిగా తిరగలేదు, వీధిలో సగం పొద్దే ఉంది. లిఫ్ట్ ఎక్కాను.

మాకు స్కానర్ కింద, చక్రం అంచున ఒంటికి బరువుండే నేల మీద ఉంది. కిరణ యంత్రం పైన ఇరుసులో ఉంది. అంత బరువైన యంత్రం నేల మీద పెడితే చక్రం ఒక పక్కకు లాగుతుందని మొదట్లోనే పైన పెట్టారు. అందుకని పేషెంటును నేల మీద చూసి, ఇరుసులో కిరణం కొడతాం. లిఫ్ట్‌లో పైకి వెళ్లేకొద్దీ ఒంటి బరువు తగ్గుతుంది. పొట్టలో అవయవాలు కొంచెం పైకి తేలతాయి. ఎంత తేలతాయో చెప్పే పట్టిక ఒకటుంది. తేలుడు పట్టిక అంటాం. నీడకు దాన్ని కలుపుతాం.

యంత్రం చూసే గిరిజతో కలిసి ఈ రోజంతా కిరణాన్నే పరీక్షించాను. పేషెంటు చోట నీళ్ల తొట్టి పెట్టి కొట్టాం. వెంట్రుక వాసి తేడా లేదు. కొట్టే ముందు యంత్రం తీసే చిత్రంలో ఎముకలే కనిపిస్తాయి. పైడమ్మ గారి వెన్నెముక అన్ని విడతల్లోనూ నీడ వెన్నెముక మీద సరిగ్గా కూర్చుంది. ఛాతీ కదలికను కెమెరా చూస్తూ ఉంటుంది. అదీ సరిపోయింది.

గిరిజ చేతులు తుడుచుకుంటూ, మిషన్ తప్పు కాదు సార్, గడ్డే మొండిది అంది.

కావచ్చు. కానీ జీర్ణాశయం ఎందుకు వాచింది? గడ్డ మొండిదైతే కిరణం అందులో పడి కూడా పని చేయకపోవాలి. పక్కింటిని కాల్చకూడదు కదా.

బుధవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టర్ రెహానాను అడిగి పైడమ్మ గారిని ఇరుసుకు పిలిపించాను. కిరణం వేయడానికి కాదు, చూడటానికి. చేత్తో పట్టుకునే అల్ట్రాసౌండ్ తీసుకున్నాను. దానితో కాలేయం కింది అంచు కనిపిస్తుంది. అంతే. నీడ కట్టడానికి చాలదు. కానీ అంచు ఎక్కడుందో చెప్తుంది.

లిఫ్ట్‌లో జట్టు అమ్మాయిలు కూడా ఎక్కారు, సాధనకు వెళ్తున్నారు. పైడమ్మ గారు చక్రాల కుర్చీలోంచే వాళ్లలో ఒకమ్మాయిని తిడుతున్నారు. నిన్న కూత మధ్యలో ఊపిరి తీసిందట. అమ్మాయి కాదంది. తీసేవే గుంటా, నాను ఆసుపత్రిలో ఉన్నా నా చెవులు కోర్టులోనే ఉంటాయి అన్నారు. మిగతావాళ్లు నవ్వు ఆపుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మీ ఆవిడ నాకు ఎరికే. పైపుల సుభాషిణమ్మ. మా కోర్టు కాడ లీకు మూడుసార్లు కట్టింది. నాలుగోసారి పైపు వొగ్గీసి మమ్మల్ని తిట్టింది."

తిట్టి ఉంటుందన్నాను.

"మంచి తిట్లు," అన్నారు ఆమె. అంతటితో ఊరుకున్నారు. అందుకు నేను కృతజ్ఞుణ్ణి.

పైన బల్ల మీద పట్టీలు బిగించాం. పరికరం పక్కటెముకల కింద ఆనించడానికి ఎడమ చేయి ఆమె పొట్ట మీద పెట్టాను. గట్టిగా ఉంది. డప్పు తోలులా ఉంది.

పొట్ట వదలమన్నాను.

"వదిలీసే ఉన్నాను మాస్టారూ."

మళ్లీ నొక్కి చూశాను. వదల్లేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. నిజంగా వదిలాననే అనుకుంటున్నారు.

ఇదే మాట ఇంతకు ముందు విన్నాను. ఇదే ఇరుసులో, ఇదే చేతి కింద. వదిలేసే ఉన్నాను కదండీ అనేది సుభాషిణి. క్యాన్సర్ ఎముకలకు పాకాక నేల మీద ఒంటి బరువే ఆమెకు నొప్పి అయింది. చివరి వారాలు ఇరుసు గదిలో ఉంచాం. తేలుతూ పడుకునేది. నేను పొట్ట మీద చేయి వేసి పక్కన ఉండేవాణ్ణి. అప్పుడూ గట్టిగానే ఉండేది. నొప్పికి బిగపట్టిందని అనుకున్నాను.

తెర చూశాను. పట్టిక ప్రకారం కాలేయం అంచు ఇరుసుకు వచ్చాక పైకి జరగాలి. పైడమ్మ గారిది కిందికి జరిగింది. బొటనవేలి వెడల్పు కిందికి. కుడి పక్క కొంచెం, ఎడమ పక్క బాగా. మొత్తం కాలేయం ఒక పక్కకు ఒరిగింది.

ఇన్ని విడతలుగా గడ్డ ఎడమ సగం ఉన్న చోట మేం కొట్టలేదు. దాని పైన, ఖాళీ అయిన చోటుకు ఎక్కి వచ్చిన జీర్ణాశయం మీద కొట్టాం.

గిరిజ నా ముఖం చూసి ఏమైంది సార్ అంది. గడ్డ మొండిది కాదు అన్నాను. ఆ మాట రెండుసార్లు అన్నానట. తర్వాత తనే చెప్పింది.

చెడుగుడు ఆడేవాళ్లకు పొట్ట కండ బలం, అందుకే ఇలా అయిందని మొదట అనుకున్నాను. గిరిజ ఇక్కడ పుట్టినదే. నీ పొట్ట చూడనిస్తావా అని అడిగాను. కొంచెం సిగ్గుపడి పరికరం తనే పట్టుకుని చూసుకుంది. తన కాలేయం కూడా కిందికే ఉంది. తను ఎప్పుడూ చెడుగుడు ఆడలేదు. నాది చూసుకున్నాను. పట్టికలో ఉన్నట్టే పైకి తేలింది. నేను భూమి మీద పుట్టాను.

ఇక్కడి పిల్లలను నడక రాగానే ఇరుసుకు తీసుకొస్తారు. తల తిరక్కుండా ఒక గుక్క గాలి పీల్చి, కిందికి నొక్కి, పొట్ట బిగించమని నేర్పుతారు. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. ఆ తర్వాత చేస్తున్నామని కూడా తెలియదు. మా పట్టిక కోసం కొలిచిన మనుషులందరూ భూమి నుంచి వచ్చిన మొదటి తరంవాళ్లు. మొన్నటిదాకా మా పేషెంట్లూ వాళ్లే. ఇక్కడ పుట్టినవాళ్లకు ఈ జబ్బు వచ్చే వయసు ఇప్పుడిప్పుడే వస్తోంది. సుభాషిణి మొదటి కొద్దిమందిలో ఒకతె. పైడమ్మ గారు ఆ తర్వాత.

లిఫ్ట్‌లో కిందికి దిగుతుంటే కాళ్లకు బరువు వచ్చింది, అయినా తేలుతున్నట్టే ఉంది. చాలా కాలం తర్వాత ఆకలేసింది. క్యాంటీన్‌లో రెండు పళ్లేలు తిన్నాను.

గురువారం

డాక్టర్ రెహానా మొత్తం విన్నారు. అల్ట్రాసౌండ్ చిత్రాలు రెండుసార్లు చూశారు. కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు. ఆ మనిషి అలా చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"మూర్తి గారూ, మీరు చెప్పింది నిజమైతే ఆమె నయమవుతుంది. కానీ అంచు ఒక్కటి చూసి కిరణం ఎక్కడ పెడతారు? లోపల గడ్డ ఎంత తిరిగింది, రక్తనాళం ఎటు జరిగింది? అది తెలియకుండా చివరి విడత వేయనివ్వను."

ఆమె అన్నది సరైనదే. ఇక్కడ పుట్టిన ఒక మనిషి కాలేయం నేల మీద ఎలా ఉందో, ఇరుసులో ఎలా మారిందో పూర్తిగా తెలియాలి. అప్పుడే ఆ మార్పును పైడమ్మ గారి నీడకు కలపగలం. ఇరుసులో మళ్లీ స్కానర్ బిగించాలంటే నెలలు పడుతుంది. అక్కడ ఉండిన పాత స్కానర్‌ను పోయిన ఏడాది విప్పేసి విడిభాగాలు కింద వాడుకున్నాం.

ఆ పాత స్కానర్ చివరిగా చూసిన మనిషి ఒకరున్నారు. నేల మీద కింది స్కానర్‌తో, ఇరుసులో దానితో, తల నుంచి కాళ్ల దాకా, మళ్లీ మళ్లీ. ఎముకల్లో గడ్డలు వెతకడానికి తీశాను. కాలేయం ఆరోగ్యంగా ఉంది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఇది డాక్టర్ రెహానాకు చెప్పలేదు. మధ్యాహ్నం నీడల గదికి వెళ్లాను.

పోయినవాళ్ల నీడలను ఇంటివాళ్లు కోరితే ముద్ర వేసి అక్కడ ఉంచుతారు. ముద్ర వేసిన నీడను చూడవచ్చు, కొలవకూడదు. కొలవాలంటే అందరూ వాడుకునే ఉమ్మడి నిల్వకు ఇచ్చేయాలి. ఉమ్మడికి ఇస్తే పేరు తీసేస్తారు, ముఖం తీసేస్తారు, వేల నీడల్లో కలిపేస్తారు. ఏది ఎవరిదో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. వెనక్కి రాదు.

నేను ప్రతి గురువారం వెళ్తాను. కుర్చీ వేసుకుని కూర్చుంటాను. సుభాషిణి నీడ ఊపిరి తీస్తుంది. ఇరుసులో తీసిన స్కాన్‌లో ఊపిరికి ముందు చిన్న గుక్క ఒకటుంది. ఏదో చెప్పబోయి ఆగినట్టుంటుంది. మాట్లాడబోయే ముందు ఆమె అలాగే చేసేది. పెళ్లయిన కొత్తలో నేను ఆ గుక్క వినపడగానే చేతిలో పని ఆపేసేవాణ్ణి. తర్వాత తర్వాత ఆపకపోయేవాణ్ణి. వినపడుతూనే ఉండేది.

ఈ రోజు గుక్క చూడలేదు. కాలేయం చూశాను. నేల స్కాన్, ఇరుసు స్కాన్ మార్చి మార్చి పెట్టాను. కొలవకూడదు కాబట్టి కంటితోనే. కిందికి జరిగింది. ఎడమ పక్క ఎక్కువ. ఒరిగింది. నిన్న పైడమ్మ గారిలో చూసినదే. ఏడాది పైగా అది నా ఎదుట కదులుతూనే ఉంది.

గది బయటికొచ్చి దరఖాస్తు అడిగాను. అక్కడ కూర్చునే ఆవిడ నన్ను ఎరుగుదురు. రేపు ఇవ్వొచ్చు కదా, ఇంకోసారి ఆలోచించుకోండి అన్నారు. సమావేశం రేపేనన్నాను. కాసేపు లోపలికెళ్లి కూర్చుని రమ్మన్నారు. వెళ్లి కూర్చున్నాను.

వేలు పెట్టి ఒప్పుకున్నాను. తెర మీద పేరు పోయింది. తర్వాత తెర ఖాళీ అయింది.

శుక్రవారం

ఉమ్మడి నుంచి కొలతలు ఉదయమే వచ్చాయి. "ఇక్కడ పుట్టిన స్త్రీ, రెండు బరువుల స్కాన్‌లు" అని మాత్రమే ఉంది.

గిరిజా నేనూ అద్దాలు తిరగకముందే మొదలుపెట్టాం. నేల మీది కాలేయంలో ప్రతి బిందువూ ఇరుసులో ఎక్కడికి పోయిందో లెక్క కట్టాం. ఆ కదలికను పైడమ్మ గారి కొలతలకు సాగదీశాం. తర్వాత ఆమె నీడను ఇరుసుకు ఎక్కించాం.

నీడ పొట్ట బిగించింది. కాలేయం కిందికి జారి ఎడమకు ఒరిగింది. దాని కింది అంచు వచ్చి బుధవారం నేను అల్ట్రాసౌండ్‌లో గీసుకున్న గీత మీద కూర్చుంది. గీత కనిపించలేదు. అంత సరిగ్గా కూర్చుంది. గిరిజ తెర మీద వేలు పెట్టి చూసింది. నేనూ పెట్టి చూశాను. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఆ నీడ మీద పాత విడతలన్నీ మళ్లీ కొట్టి చూశాం. గడ్డ కుడి సగానికి పడింది, ఎడమ సగానికి పడలేదు. జీర్ణాశయం పైభాగం ఎక్కడ వాచిందో అక్కడే ఎర్రగా వెలిగింది. ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సమావేశంలో నేను ఎక్కువ మాట్లాడలేదు. చిత్రాలు వేశాను. ఒక పెద్దాయన ఈ రెండు బరువుల స్కాన్‌లు ఎక్కడివి అని అడిగారు. ఉమ్మడివి అన్నాను. డాక్టర్ రెహానా నా వైపు చూశారు. ఆమెకు అర్థమైంది. ఆ ప్రశ్న మీద ఇంకెవరినీ మాట్లాడనివ్వకుండా, రేపు వేద్దాం అన్నారు.

శనివారం

వేశాం.

కిరణం ఈసారి గడ్డ ఎడమ సగానికే, ఒరిగిన కాలేయానికి తగ్గట్టు ఒరిగి వెళ్లింది. జీర్ణాశయం పక్క నుంచి, తాకకుండా. పైడమ్మ గారికి ముందే చెప్పాను, ఇన్నాళ్లూ తప్పు చోట కొట్టామని. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అయితే నా గడ్డ కూత తప్పించుకుని తిరుగుతోందన్నమాట. పట్టీసుకోండి మరి, ఇంకేటి."

పట్టీలు బిగించాక పొట్ట మీద చేయి పెట్టి చూశాను. గట్టిగానే ఉంది. ఈసారి వదలమని అనలేదు.

సోమవారం, కిరణం వేశాక మూడో వారం

స్కాన్ తీశాం. ఎడమ సగం కుంచించుకుపోయింది. మధ్యలో నల్లగా చచ్చిన భాగం కనిపిస్తోంది. డాక్టర్ రెహానా నా భుజం మీద తట్టి వెళ్లిపోయారు. కారిడార్‌లో ఆమె ఎవరికో గట్టిగా చెప్తుండటం వినపడింది.

పైడమ్మ గారు మజ్జిగ తాగారు. మంట లేదట.

కొత్త పట్టికను ఇక్కడ పుట్టినవాళ్లందరికీ వాడాలని తీర్మానించారు. గిరిజ సాయంత్రం దాన్ని శుభ్రం చేస్తూ నన్ను పిలిచింది.

"సార్, ఊపిరికి ముందు ఈ చిన్న గుక్క ఏంటి? స్కాన్‌లో వచ్చిన పొరపాటు అనుకుంటా. తుడిచేయనా?"

తుడవొద్దన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గిరిజ చేయి తీసేసింది.

అది నా మనసు మాట అని, శాస్త్రం కాదని తర్వాత అనిపించింది. ఒక మనిషికి మాత్రమే ఉన్న కదలిక అందరి పట్టికలో ఉండకూడదు. రేపు సరిచూసి తుడిచేయాలి.

మంగళవారం

సరిచూశాను. పైడమ్మ గారి అల్ట్రాసౌండ్‌లో ఉంది. గిరిజది చూశాను. అందులోనూ ఉంది. పొట్ట బిగించే ముందు పీల్చే గుక్క అది. చిన్నప్పుడు ఇరుసులో నేర్పినది. ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ ఉంటుంది.

నేను అది సుభాషిణి ఒక్కదానిదే అనుకున్నాను, మా కాపురం అంతా.

పట్టికలో ఉంచేశాం.

ఆదివారం

సెలవు. కరివేపాకు కొత్త చిగురు వేసింది. నీళ్లు పోసి ఇరుసుకు వెళ్లాను. ఊరంతా అక్కడే ఉంది.

పైడమ్మ గారు కోర్టు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. కుర్చీ తేలేదు. నన్ను చూసి చెయ్యి ఊపి, కమ్మీ దగ్గర చోటు చూపించారు. ఇక్కడ నిలబడండి మాస్టారూ, ఇక్కడైతే బాగా ఇనబడతాది అన్నారు. ఏం వినబడుతుందని అడిగాను. ఆట మొదలవనీండన్నారు.

అమ్మాయిలు రెండు వైపులా గోడలకు పాదాలు ఆనించి సిద్ధంగా ఉన్నారు. జనం మాటలు ఆగాయి. ఈల పడింది.

గోడలు వదిలే ముందు, అందరూ ఒక్కసారి, చిన్న గుక్క గాలి పీల్చారు.

పెళ్లయిన కొత్తలోలాగే నేను అన్నీ ఆపేసి విన్నాను.